తిరిగి అందించిన సగం

పెద్ద సిస్టర్ అరిచిన అరుపు పది కుర్చీలకూ వినిపించింది. డయాలిసిస్ గదిలో మాట దాగదు. కుర్చీకీ కుర్చీకీ నడుమ ఒక యంత్రం పట్టేంత ఎడమే ఉంటుంది. ఆ ఎడంలోనే నర్సు ఒదిగి నిలబడాలి. పైగా అక్కడ కూర్చునేవాళ్ళు ఒక చెయ్యి కదపకుండా పూటంతా గడపవలసినవాళ్ళు. చెవులు తప్ప వాళ్ళకు వేరే వ్యాపకం ఉండదు.

అరుపు తిన్న మనిషి గడియారాల తాత. వాచీలు బాగుచేసే మనిషి కాబట్టి ఆ గదిలో ఆయనకు ఆ పేరు స్థిరపడింది. ఆ ఉదయం బరువు చూసే యంత్రం ఎక్కితే, కిందటిసారి ఇంటికి వెళ్ళినప్పటికంటే నాలుగు కిలోలు ఎక్కువ చూపించింది. మూత్రపిండాలు చేతులెత్తేసిన మనిషికి తాగిన నీరు తాగినట్టే ఒంట్లో నిలిచిపోతుంది. ఆ నీటినంతా యంత్రం ఒక్క పూటలో లాగాలి. లాగుతున్నంతసేపూ గుండె ఓర్చుకోవాలి. ఇది ఆయనకు తెలియనిది కాదు. తెలిసీ తాగాడు.

"నీళ్ళు తాగారా, చెరువు తాగారా?" అంది పెద్ద సిస్టర్. అక్కడితో ఆగినా బాగుండేది. "చావాలని ఉంటే ఇంట్లోనే చావండి. ఇంత దూరం వచ్చి నా చేతిలో చావడమెందుకు?"

తాత నవ్వబోయాడు. నవ్వు పెదవుల దాకా రాకముందే, వెనక సంచి పట్టుకుని నిలబడ్డ అల్లుడు గుర్తొచ్చినట్టుంది. పిల్లనిచ్చిన అల్లుడి ఎదుట మాట పడ్డ మామగారికి ఎటు చూడాలో తెలియదు. ఆయన కాళ్ళకున్న చెప్పులనే వెతుక్కుంటున్నట్టు నేల వంక చూశాడు.

ఆ చూపు పెద్ద సిస్టర్ కంటబడింది. ఆవిడ వెంటనే యంత్రం వైపు తిరిగి, బిగించి ఉన్న మూతనే మళ్ళీ బిగించింది.

ఆ సమయానికి ఆదుకున్నది పిచ్చుక. ఆ గదిలో ఆవిడ కింద పనిచేసే ఏకైక నర్సు. కుర్చీ నుంచి కుర్చీకి గెంతుతూ తిరుగుతుందని రోగులు పెట్టిన పేరు. "రండి తాతా," అంటూ ఆయన ముంజేతిని తన అరచేతిలోకి తీసుకుంది. "మీరు తాగింది చెరువే అయితే నేను తూము తెరుస్తాగా. అక్క కోపం నీళ్ళ మీదేలెండి, మీ మీద కాదు." తాత చేతి మీద ఉబ్బి ఉన్న నరం మీద మూడు వేళ్ళు ఆనించి, చర్మం కింద రక్తం గుర్రుమంటూ పారే అదురును కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత ఒక్క పోటుకు ఒక్కొక్కటిగా రెండు సూదులూ దింపింది. తాత ముఖం చిట్లించనైనా లేదు.

పెద్ద సిస్టర్ మెచ్చుకోలేదు. మెచ్చుకునే ఓపిక ఎప్పుడు పోయిందో ఆవిడకు గుర్తులేదు. నలుగురు చేయవలసిన పని ఇద్దరు చేస్తున్నారు. మానేసిన ఇద్దరి బదులు మనుషులు వస్తారని చెప్పడం కూడా పైవాళ్ళు మానేశారు.

అల్లుడు గొడవ పెట్టలేదు. మర్నాడు మేట్రన్ గదికి వెళ్ళి, చేతులు కట్టుకుని, "మా మామగారు నిన్న అన్నం తినలేదండీ" అని మాత్రం చెప్పి వెళ్ళాడు. తిట్టి వెళ్ళినా పెద్ద సిస్టర్‌కు తేలిగ్గా ఉండేది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈ నెలలో ఇలాంటివి ఎన్ని వచ్చాయో చెప్పమంటావా?" అంది మేట్రన్. "రోగులతో ఎలా మాట్లాడాలో నేర్పడానికి ఒకాయన వస్తున్నాడు. నీ పేరు రాశాను. నీ సెలవు రోజునే పెట్టారు, ఏమీ అనుకోకు."

అలసిపోయినవాళ్ళకు ఓపిక నేర్పడానికి వాళ్ళ విశ్రాంతి రోజునే ఎంచుకున్న ఆ యుక్తికి పెద్ద సిస్టర్ ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి కూడా ఓపిక కావాలి.

ఆవిడ ఉపన్యాసాలకు లొంగే మనిషి కాదు. అంతకుముందొకసారి, ఒత్తిడి తగ్గాలంటే కళ్ళు మూసుకుని సముద్రపు ఒడ్డును ఊహించుకోమని బోధించిన పెద్దమనిషిని, "నేను ఒడ్డున ఉన్నంతసేపూ నా డ్యూటీ ఎవరు చేస్తారండీ?" అని అడిగి హాలంతా నవ్వించింది. ఈసారి కూడా వెనక వరసలో, తలుపుకు దగ్గరగా కూర్చుంది.

కానీ వచ్చినాయన సముద్రం జోలికి పోలేదు. ఏళ్ళ తరబడి తాగుబోతులకు వైద్యం చేసిన సన్నటి డాక్టరు. గొంతు పెంచేవాడు కాదు; వినాలంటే జనమే నోరు మూసుకోవలసి వచ్చేది.

"సలహాలివ్వకండి," అన్నాడు. "మారడం ఇష్టంలేని మనిషంటూ ఉండడు. మారడం ఇష్టమూ, భయమూ రెండూ ఉన్న మనిషి ఉంటాడు. అతని మాటలో రెండు సగాలుంటాయి. 'మానాలనే ఉందండీ, కానీ నా వల్ల కాదు' అంటాడు. మీరు 'ఎందుకు కాదు' అని వాదించారా, పోయి రెండో సగంలో కూర్చుంటాడు. వాదించకండి. మొదటి సగాన్ని అందుకుని అతనికే తిరిగి అందించండి. 'మానాలని ఉంది' అనండి. అని ఊరుకోండి. మనం చెప్పింది మనిషి తోసేస్తాడు. తన నోట వచ్చింది తోసెయ్యలేడు."

పెద్ద సిస్టర్ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. ఇది పూజా కాదు, ధ్యానమూ కాదు. సూది గుచ్చడం లాంటి పని. ఎక్కడ వేలు పెట్టాలో, ఎప్పుడు ఆగాలో తెలిస్తే చాలు. సాధన చేయించినప్పుడు ఆవిడ జతగాడైన అంబులెన్సు డ్రైవరు చేత, సిగరెట్టు గురించి అతను పెళ్ళానికి కూడా చెప్పని మాటలు చెప్పించింది. డాక్టరు పక్కన నిలబడి విని, "మీకు చెవి ఉంది" అన్నాడు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. పొగడ్త విని ఎంతకాలమైందో!

చివర్లో, జనం చెప్పులు వెతుక్కుంటున్న వేళ, ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "ఒక్క షరతు. ఆ మార్పు వల్ల మేలు ఎవరికి? ఎదుటి మనిషికైతే ఈ పద్ధతి వాడండి. మీకైతే వాడకండి. అప్పుడు దాని పేరు వేరే." తలుపు దగ్గర కూర్చున్నా, ఆ మాట ఆవిడకు స్పష్టంగానే వినిపించింది.

ఇంట్లో మొదటి ప్రయోగం మొగుడి మీద జరిగింది. ఆయన వర్క్‌షాపులో లేత్ మెషీన్ మీద పనిచేస్తాడు. చూపు తగ్గుతున్నా కళ్ళద్దాల దగ్గరకు పోడు.

"కళ్ళద్దాలంటే ముసలితనం వచ్చేసినట్టుంటుంది. కానీ మొన్న కొలత తప్పి ఒక సరుకు పాడైంది," అన్నాడు.

"సరుకు పాడవడం మీకు కష్టంగా ఉంది," అంది ఆవిడ.

ఆయన అనుమానంగా చూశాడు. "ఇప్పుడు నేనన్నదే కదా? మళ్ళీ నాకెందుకు చెప్తున్నావే? తేడా వచ్చింది నా కళ్ళకి, చెవులకి కాదు."

కూతురు పుస్తకం అడ్డుపెట్టుకుని నవ్వింది. "నాన్నా, అమ్మ ట్రైనింగ్‌కెళ్ళొచ్చింది. మనం పాఠం చదివితే అమ్మ మనకే అప్పజెప్తుంది."

అంతా నవ్వుకున్నారు. మర్నాడు పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఎవరూ అడక్కుండానే, "సాయంత్రం ఆ కళ్ళ డాక్టరు దగ్గరికి పోయొస్తాలే" అన్నాడు.

గడియారాల తాత మళ్ళీ వచ్చినప్పుడు పెద్ద సిస్టర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. క్షమించమని అడగడానికే కూర్చుంది. కానీ ఆ మాటకు బదులు నేర్చుకున్నదే నోట వచ్చింది. "నీళ్ళు తగ్గించడం చాలా కష్టంగా ఉన్నట్టుంది మీకు."

తాత అపనమ్మకంగా చూశాడు. "కష్టమా సిస్టరమ్మా! నాలుక పిడచకట్టుకుపోతుంది. కానీ ఇలా ఉబ్బితే వేళ్ళు మొద్దుబారిపోతాయి. వాచీలో చిన్న స్క్రూ పట్టుకుంటే పట్టు చిక్కదు."

"వేళ్ళలో పట్టు మీకు ముఖ్యం."

"అదే లేకపోతే ఇంక నేనెందుకు?" అని ఆయన కాసేపు తన వేళ్ళనే చూసుకున్నాడు. "చెంబు మంచం దగ్గర పెట్టుకుంటే చెయ్యి దానంతటదే పోతుంది. చిన్న గ్లాసు పెట్టుకుంటా."

తర్వాతిసారి పెరిగిన బరువు రెండు కిలోలకు దిగింది. పెద్ద సిస్టర్ ఆ అంకెను రెండుసార్లు చూసింది. చాలాకాలానికి తన పని తనకు పనిలా అనిపించింది. క్షమాపణ బాకీ అలాగే ఉండిపోయిందన్న సంగతి ఆ సంతోషంలో మరుగున పడింది. ఫలితం వచ్చాక ప్రాయశ్చిత్తం ఎవరికి గుర్తుంటుంది?

ఆ మధ్యాహ్నం మేట్రన్ పిలిచింది. బల్ల మీద ఒక అర్జీ ఉంది. టీకాల గదిలో సిస్టర్ రిటైరవుతోంది. ఆ చోటుకు పంపమని పిచ్చుక అడిగింది.

"నువ్వు సంతకం పెడితే పంపేస్తా," అంది మేట్రన్. "కానీ తల్లీ, ఆ పిల్లకు బదులు నీకు ఇంకో మనిషిని ఇవ్వలేను. పొద్దున పూటా సాయంత్రం పూటా నువ్వే చూసుకోవాలి. వార్డు నుంచి వచ్చేవాళ్ళకి ఆ సూది గుచ్చడం రాదు, నీకు తెలుసు." కళ్ళజోడు తీసి ముక్కు నలుపుకుంది. "నీ కొత్త విద్య గురించి అందరూ చెప్పుకుంటున్నారు. ఆ పిల్లతో ఒకసారి మాట్లాడకూడదూ?"

పెద్ద సిస్టర్ మోకాళ్ళు ముందు విన్నాయి ఆ మాట. రెండు పూటలు అంటే ఏమిటో వాటికి తెలుసు.

మర్నాడు పొద్దున, రోగులు రాకముందు, ఇద్దరూ యంత్రాలు సిద్ధం చేస్తున్నారు. గొట్టాల్లోకి సెలైన్ ఎక్కించి, రక్తాన్ని వడకట్టే ఆ గాజురంగు గొట్టాన్ని అరచేత్తో తడుతూ లోపలి గాలి బుడగలను పైకి తరమాలి. ఒక్క బుడగ కూడా మిగలకూడదు. గదిలో ఆ తట్టుడు చప్పుడు తప్ప మరేమీ లేదు.

"టీకాల గదికి పోతానన్నావట," అంది పెద్ద సిస్టర్, చెయ్యి ఆపకుండా.

పిచ్చుక చెయ్యి ఆగింది. "మీకు ముందే చెప్దామనుకున్నానక్కా. ధైర్యం చాల్లేదు."

"నేను ఆపడానికి రాలేదు. నీ మనసులో ఏముందో తెలుసుకుందామని."

ఆ అమ్మాయి గొట్టాన్ని గుండెకానించి పట్టుకుని నిలబడింది. "బస్సెక్కేటప్పుడే చేతులు చల్లబడిపోతున్నాయక్కా. మొన్న మూడో కుర్చీ ఆయన పోయాడు కదా. ఆ కుర్చీ తుడిచాను, దుప్పటి మార్చాను, ఇంకొకాయన్ని కూర్చోబెట్టాను. నాకేమీ అనిపించలేదు. ఏడుపు రాలేదని కాదు, అసలేమీ అనిపించలేదు. నేను ఎప్పుడో ఏదో పొరపాటు చేసేస్తానక్కా. భయంగా ఉంది." ఊపిరి తీసుకుంది. "కానీ వీళ్ళందరి చేతులూ నాకు తెలుసు కదా. గడియారాల తాత నరం పక్కకి జారుతుంది. కొత్తవాళ్ళు పొడిస్తే ఏమైపోతారో అనిపిస్తుంది."

రెండు సగాలూ పెద్ద సిస్టర్ ఎదుట ఉన్నాయి. అంత స్పష్టంగా, పక్కపక్కనే. ఎన్నడూ లేనంత మెత్తటి గొంతుతో ఆవిడ అంది: "వీళ్ళందరి చేతులూ నీకు తెలుసు."

"తెలుసక్కా."

ఆవిడ ఊరుకుంది. డాక్టరు నేర్పినట్టే, మౌనాన్ని పూరించడం ఎదుటి మనిషికి వదిలేసింది.

"పాపం, వాళ్ళూ నన్నే పిలుస్తారు. పిచ్చుకేదీ అంటారు."

"సున్నా నుంచి పది దాకా అనుకుంటే, ఇక్కడే ఉండాలని నీకు ఎంత ఉంది?"

పిచ్చుక ఆలోచించింది. "నాలుగు. నాలుగేనేమో."

"సున్నా అనలేదు నువ్వు. ఎందుకని?"

ఇది ఆ విద్యలోకెల్లా సున్నితమైన పోటు. పది ఎందుకు కాదని అడిగితే మనిషి పోవడానికి కారణాలు చెబుతుంది. సున్నా ఎందుకు కాదని అడిగితే ఉండటానికి కారణాలు తానే వెతికి తెస్తుంది. పిచ్చుక తెచ్చింది. తాత గురించి చెప్పింది, చంటిపిల్లను ఎత్తుకుని వచ్చే ఏడో కుర్చీ ఆమె గురించి చెప్పింది, అక్కకు మోకాళ్ళ నొప్పులని కూడా చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆ అమ్మాయి ముఖంలో ఒక వెలుగు వచ్చింది. తన మంచితనాన్ని తానే చూసుకున్న మనిషికి వచ్చే వెలుగు. చివరకు, "ఇంకో ఆరు నెలలు చూస్తానక్కా. ఆ కాయితం వెనక్కి తీసుకుంటాను" అంది.

"అది నీ ఇష్టం. నిర్ణయం నీదే," అంది పెద్ద సిస్టర్. ఆ వాక్యం కూడా పాఠంలో ఉన్నదే.

తర్వాత గొట్టాన్ని ఇంకా రెండుసార్లు తట్టింది. బుడగలేమీ లేవు.

వారాంతానికి డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఎవరు ఏ సంభాషణ జరిపారో చెప్పమన్నాడు. గడియారాల తాత కథ చెప్పి కూర్చుంటే సరిపోయేది. కానీ చప్పట్లు మొదలైతే ఒక కథతో ఆగడం కష్టం. పేరు చెప్పకుండా పిచ్చుక సంగతి కూడా చెప్పింది.

హాలు మెచ్చుకుంది. మేట్రన్ అందరికంటే ముందు మెచ్చుకుంది. డాక్టరు మాత్రం తల ఒక పక్కకు వంచాడు.

"'వీళ్ళ చేతులు నాకు తెలుసు' అనడానికి ముందు ఆ అమ్మాయి ఏమైనా అన్నదా?"

ప్రశ్న మామూలుగానే అడిగాడు. మేట్రన్ చూస్తోంది. అంబులెన్సు డ్రైవరు చూస్తున్నాడు.

"ప్రత్యేకించి ఏమీ అనలేదండీ," అంది.

"అలాగా," అన్నాడాయన. ఇంకొకరి వైపు తిరిగాడు.

ఇంటికి వచ్చేదాకా ఆవిడ తనకు తాను సర్దిచెప్పుకుంది. బలవంతం చేయలేదు. అబద్ధం చెప్పలేదు, ఆ అమ్మాయితో. బెదిరించలేదు, బతిమాలలేదు. ఒక్క మాట కూడా సొంతంగా అనలేదు; అన్నీ ఆ పిల్ల మాటలే. ఈ వాదనలో ఎక్కడా లొసుగు దొరకలేదు. లొసుగు దొరకని వాదన మీద ఆవిడకు మొదటిసారి అసహ్యం వేసింది. మొగుడు కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని ఎదురొచ్చి, "ఎలా ఉన్నాను?" అంటే, ఆయన ముఖంలోకి చూడలేక చూపు పక్కకు తిప్పుకుంది.

ఆ వచ్చే వారంలోనే అది జరిగింది.

ఒంట్లోని రక్తం బయటికి పోయి తిరిగివస్తుంటే మనిషికి చలేస్తుంది. గడియారాల తాత వణుకుతూ దుప్పటి అడిగాడు. పిచ్చుక కప్పింది. సూదులున్న చేతిని ఎప్పుడూ కప్పకూడదు. ఆ గదిలో అది మొదటి పాఠం. కప్పిన చేతిలో సూది కాస్త జారినా యంత్రానికి తెలియదు. ఒక సూది రక్తాన్ని తీసుకుపోతూనే ఉంటుంది, రెండోది ఒంట్లోకి కాక దుప్పట్లోకి పోస్తుంది. పిచ్చుకకు ఆ పాఠం తెలియక కాదు. ఆ క్షణాన తొమ్మిదో కుర్చీ యంత్రం కూసింది. నడుము దాకా కప్పవలసిన దుప్పటిని మెడ దాకా లాగి అటు పరుగెత్తింది.

పెద్ద సిస్టర్ ఆ కుర్చీ పక్కనుంచే నడిచింది. దుప్పటి చూసింది. చెయ్యి కనబడటం లేదన్న సంగతి కూడా చూసింది. చేతిలో వేరే రోగి గొట్టాలున్నాయి. పిచ్చుక చూసుకుంటుందిలే అనుకుంది.

కుర్చీ కింద గచ్చు మీద మొదటి చుక్క పడిన చప్పుడు ఎవరూ వినలేదు. ఏడో కుర్చీ ఆమె, "సిస్టరమ్మా, తాత మూతి చూడండి, తెల్లగా..." అని కేకవేసింది.

ఆ తర్వాతదంతా చేతులే చేశాయి. యంత్రం ఆపడం, గొట్టాలు బిగించడం, కుర్చీని వెనక్కి వాల్చి కాళ్ళు పైకెత్తడం, సెలైన్ వదలడం. పిచ్చుక రెండు బొటనవేళ్ళతో ఆ చేతిని నొక్కిపట్టి, తాత చెవిలో, "తాతా, నాతో మాట్లాడు. టైమెంతయింది తాతా? టైమెంతయిందో చెప్పు" అంటోంది. ఆమె గొంతులో వణుకు లేదు. ముఖంలో ఏమీ లేదు. ఆ ముఖం చూసి పెద్ద సిస్టర్‌కు మూడో కుర్చీ మాట గుర్తొచ్చింది.

తాత దక్కాడు. రెండు సీసాల రక్తం ఎక్కించాక, వార్డు మంచం మీద కళ్ళు తెరిచి, "తూము మరీ బార్లా తెరిచావే పిల్లా" అన్నాడట. ఆ మాట వినడానికి పిచ్చుక అక్కడ లేదు. సంజాయిషీ రాసిచ్చి హాస్టలుకు వెళ్ళిపోమన్నారు.

"నేను సంతకం పెట్టి పంపేసి ఉంటే ఇది జరిగేది కాదు," అంది పెద్ద సిస్టర్, మేట్రన్ ఎదుట నిలబడి.

"నువ్వు ఆ పిల్ల చేతులు కట్టేశావా?"

"లేదు."

"బెదిరించావా?"

"లేదు."

"మరింకేం? 'నా ఇష్టంతోనే ఉన్నాను, పెద్ద సిస్టర్ నన్ను ఉండమని అడగను కూడా లేదు' అని తనే రాసిచ్చింది."

"అవును. అలా అనుకునేటట్టు చేశాను. భయంగా ఉందని చెప్పింది మేడమ్. పొరపాటు చేస్తానేమోనని నోరు తెరిచి చెప్పింది. ఆ ముక్క వదిలేసి, మిగతాది పట్టుకున్నాను. మొన్న హాల్లో ఆయన అడిగితే, ఏమీ అనలేదని అబద్ధం చెప్పాను. మీరూ అక్కడే ఉన్నారు. దుప్పటి నేనూ చూశాను, తియ్యలేదు. నా సంజాయిషీ కూడా తీసుకోండి."

మేట్రన్ డ్యూటీల పుస్తకం ముందుకు లాక్కుంది. ఆవిడ దుర్మార్గురాలు కాదు. ఖాళీ డ్యూటీల్లో లేని నర్సులను నిలబెట్టమని రోజూ పైనుంచి మాట పడే మనిషి. "టీకాల గదిలో వేరే అమ్మాయి చేరిపోయింది," అంది చివరకు. "ఆ పిల్లకి నెల సెలవిస్తాను. ఆ తర్వాత ఓపీలో ఎక్కడో సర్దుతాను. మెమో ఇద్దరి పేరునా ఉంటుంది. ఆ రెండు పూటలూ నువ్వే చెయ్యాలి మరి."

"చేస్తాను."

హాస్టలు పెరట్లో పిచ్చుక పక్క దుప్పటి ఉతుకుతోంది. పెద్ద సిస్టర్‌ను చూసి నురగ చేతులతోనే లేచి నిలబడింది. "అక్కా! తాత ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు. నిన్ను ఎగతాళి చేసేంత బాగున్నాడు." సెలవు సంగతి చెప్పింది, ఓపీ సంగతి చెప్పింది. చెబుతూ, తన గొంతులో ఏదో కానుక తెచ్చిన మనిషి గొంతు వినబడి సిగ్గుపడింది.

దుప్పటి జాడించడం అయింది. తడిసిన దుప్పటి ఒక్కరు పిండేది కాదు. పెద్ద సిస్టర్ అడక్కుండానే ఒక కొస పట్టుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చెరోవైపుకీ మెలితిప్పసాగారు.

"నిన్ను నేను ఉండనిచ్చి ఉండాల్సింది కాదు," అంది.

"మీరు ఉండనివ్వడమేంటక్కా? నేనే కదా ఉంటానంది." పిచ్చుక ఆవిడను ఓదార్చింది. నిజంగా ఓదార్చింది, మెమో అందుకున్న పిల్ల, మెమోకు కారణమైన మనిషిని. "మీరు ఒక్క మాట కూడా ఉండమనలేదు. అందరూ ఊరికే మిమ్మల్ని అనుకుంటారేమో. నా ఖర్మ, నేను చూసుకోలేదు."

అక్కడితో ఊరుకోవచ్చు. ఇంత శుభ్రమైన క్షమ, అడక్కుండానే, చేతికి వచ్చింది. తీసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు.

"బస్సెక్కేటప్పుడే చేతులు చల్లబడుతున్నాయన్నావు," అంది పెద్ద సిస్టర్. "మూడో కుర్చీ తుడిచినప్పుడు ఏమీ అనిపించలేదన్నావు. ఎప్పుడో పొరపాటు చేసేస్తాను, భయంగా ఉందన్నావు. ముందు ఇవన్నీ అన్నావు. ఆ తర్వాతే, వాళ్ళ చేతులు తెలుసన్నావు."

దుప్పటి మెలిక మధ్యలో ఆగింది. నీళ్ళు ధారగా గచ్చు మీద పడుతున్నాయి. పిచ్చుక ఆవిడ ముఖంలోకి చూసింది, ఏదో లెక్క మొదటి నుంచీ సరిచూసుకుంటున్నట్టు.

"అయితే మీరు విన్నారా?" అంది. "గొట్టం తట్టే చప్పుడులో మీకు వినబడలేదేమో అనుకున్నాను. విని ఉంటే ఏదో ఒకటి అనేవారు కదా అనుకున్నాను."

"విన్నాను."

"మొత్తం?"

"మొత్తం విన్నాను."

ఆ అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. రెండడుగులు ముందుకు వేసి, పెద్ద సిస్టర్ చేతిలోని కొసను మెల్లగా వేళ్ళ నుంచి విడిపించి తీసుకుంది.

"ఇలా ఇవ్వండి మేడమ్," అంది. "నేను పిండుకుంటాను."